ముద్ర లేని మేలు

గుండ్లేటి ఒడ్డున నాగవరం అనే రాజ్యాన్ని పూర్వం రణకంఠీరవుడనే రాజు ఏలుతుండేవాడు. మనసు చెడ్డది కాదు. ప్రజలను పీడించి ఎరుగడు, పొరుగు రాజ్యాల మీద కాలు దువ్వి ఎరుగడు. ఉన్నదల్లా ఒక్కటే లోపం. పొగడ్త లేనిదే ఆయనకు ముద్ద దిగేది కాదు. వాన కురిస్తే తన పుణ్యం, పంట పండితే తన పుణ్యం. కరువొస్తే మాత్రం మంత్రుల పాపం.

ఆ కొలువులో కోనప్ప అనే చమత్కారి ఉండేవాడు. బక్కపలచని మనిషి, గాలికి ఊగే జొన్నచేను లాంటి నడక. రాజుకు కోపం వస్తే నవ్వించడం, రాజు మరీ నవ్వుతుంటే ఆలోచనలో పడేయడం అతని కొలువు. కాపురం ఏటికి అవతలి పల్లెలో. పొద్దున్నే ఏరు దాటి కోటకు వచ్చేవాడు, పొద్దుగూకే వేళకు ఏరు దాటి ఇంటికి పోయేవాడు.

ఆ ఏటి సంగతి కాస్త చెప్పాలి. గుండ్లేరు చూడ్డానికి సాధువు. మోకాలి లోతు నీళ్ళు, అద్దంలాంటి ఇసుక. కాని ఆ ఇసుకను నమ్మడానికి లేదు. వరద వచ్చి పోయిన ప్రతిసారీ ఊబి చోటు మారుతుంది. నిన్న బండి నడిచిన చోటే ఇవాళ ఎద్దు దిగబడుతుంది. అయినా జనం భయం లేకుండా దాటేవారు. ఎందుకంటే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా గట్టి నేల ఉన్నంత మేరా ఎర్రగుడ్డ పేలికలు కట్టిన కర్రలు పాతి ఉండేవి. కర్రల వెంట పోతే క్షేమం. అంతే.

ఒకసారి దూరదేశపు వర్తకులు కొలువుకు వచ్చారు. రాజు మీసం దువ్వుకుంటూ అడిగాడు: "మా రాజ్యంలో మీకు మిక్కిలి నచ్చినదేమిటి?"

కోట అంటారనుకున్నాడు. పట్టపుటేనుగు అంటారనుకున్నాడు. కనీసం తన మీసం పేరైనా ఎత్తుతారనుకున్నాడు.

పెద్ద వర్తకుడు చేతులు జోడించి, "ఏటిలో పాతిన కర్రలు, మహారాజా! ఎన్నో దేశాలు తిరిగాం. అడగకుండా ఇంత మేలు చేసినవాళ్ళను చూడలేదు. అవి ఎవరు పాతారో గాని, వారి కడుపు చల్లగుండాలి" అన్నాడు.

రాజు ముఖం మాడిన అట్టులా అయింది.

వర్తకులు వెళ్ళగానే ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రి ముందుకు వచ్చాడు. రాజుగారి గాయానికి లేపనం పూయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. "ప్రభూ! ఈ నేల తమది, ఏరు తమది, ప్రజలు తమవారు. కాబట్టి ఈ నేల మీద ఎవరు మేలు చేసినా ఆ పుణ్యం తమకే చెందాలి. ఎవరికి తోచిన మేలు వారు చేసి దీవెనలు మూటగట్టుకుపోతే, అది దొంగతనం కాదూ? పుణ్యచౌర్యం!"

రాజుకు ఆ మాట తేనెలా తోచింది. మర్నాడే దండోరా వేయించాడు. "నాగవర రాజ్యంలో ఇకమీదట రాజముద్ర పడిన అనుమతి లేకుండా ఎవరూ ఎవరికీ ఉపకారం చేయరాదహో! చేసినవారికి చెరసాల తప్పదహో!"

జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు. అర్థం కాక ఎవరి పనికి వాళ్ళు పోయారు.

ఆ వారంలోనే వరద వచ్చి పోయింది. కొట్టుకుపోయిన కర్రల స్థానంలో కొత్తవి పాతుతూ ఒక ముసలామె భటులకు దొరికింది. పేరు ఈదమ్మ. ఏటిగట్టు మీద గుడిసె, నాలుగు మేకలు, అంతే ఆమె సంసారం. భటులు ఆమెను చెరలో పెట్టి, నేరానికి సాక్ష్యంగా ఏటిలోని కర్రలన్నీ పీకి మోపులు కట్టి కోటకు తెచ్చారు.

ఇంకేముంది? బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తెగించి దిగిన ఒక కుమ్మరి బండి కుండలతో సహా ఊబిలోకి పోయింది. ఎద్దులను బతికించడమే గగనమైంది. కోనప్పకు ఇల్లు చేరే దారి లేకపోయింది. అవతలి గట్టు మీద భార్య, ఇవతలి గట్టు మీద తను. నాలుగు రోజులుగా ఒకరినొకరు చూసి చేతులూపుకోవడమే కాపురం.

ఇన్నేళ్ళూ రోజుకు రెండుసార్లు ఆ కర్రల వెంట నడిచాడు కోనప్ప. వాటిని ఎవరు పాతుతున్నారని ఒక్కనాడైనా అడగలేదు. గడ్డి మొలిచినట్టు అవీ మొలుస్తాయనుకున్నాడు కాబోలు. ఆ తలపు రాగానే మనసు చివుక్కుమంది. తిన్నగా చెరసాలకు వెళ్ళాడు.

ఈదమ్మ ఊచల వెనక కూర్చుని ఆకాశం వంక చూస్తోంది.

"అవ్వా, అన్నం పెడుతున్నారా?"

"పెడుతున్నారులే నాయనా. కూడుకేం? అదుగో, పడమట మబ్బు పట్టింది. మళ్ళీ ఏరొచ్చేట్టుంది. వచ్చేది సంత. పిల్లాజెల్లాతో దిగుతారు జనం. కర్రలు లేవు. నాకదే బెంగ."

"నిన్ను చెరలో పెట్టినందుకు బెంగ లేదా?"

"పెట్టినోడు ఎప్పుడో తీస్తాడు. ఊబి అట్లా తియ్యదుగా!"

కోనప్ప లేచి వచ్చేశాడు. దారిపొడవునా ఆలోచించాడు. రాజుకు ఎదురు చెబితే పట్టుదల పెరుగుతుంది. ఎదురు చెప్పకుండానే చెప్పాలి.

మర్నాడు కొలువులో అందరికంటే ముందు అతనే లేచాడు. "ప్రభూ! తమ శాసనం అద్భుతం. కాకపోతే కోట గోడల మధ్య మెరిస్తే ఏం లాభం? ఏటి అవతల సంత మైదానంలో దేశదేశాల వర్తకులు చేరతారు. అక్కడ పందిరి వేయించి, తమకు 'అఖండ లోకోపకార ధురంధర' అనే బిరుదు ఇప్పిస్తే ఎలా ఉంటుంది?"

రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "భేష్ కోనప్పా! ఇన్నాళ్ళకు నీ నోట మంచి మాట విన్నాను."

"ఒక్క చిక్కు ప్రభూ. మన ప్రజలకు అడగకుండా సాయం చేసే పాడు అలవాటు ఉంది. ఆ రోజు ఎవడో ఒకడు ఏదో మేలు చేసి తమ పేరు కాజేస్తాడేమో! శాసనం గట్టిగా అమలు చేయించాలి."

"చేయిస్తాను. ముద్ర లేనిదే ఎవడూ చిటికెనవేలు కూడా కదపడానికి లేదు!"

"రాజుగారే నోటితో అనుమతి ఇచ్చారని ఎవడైనా బొంకితే?"

"నోటిమాట చెల్లదు! ముద్ర పడాల్సిందే. అది నా మాటే అయినా సరే!"

"ఏలినవారి బుద్ధికి సాటి లేదు. ఆ ముసలి నేరస్థురాలిని కూడా వెంట తీసుకుపోదాం. తమ వైభవం కళ్ళారా చూసి బుద్ధి తెచ్చుకుంటుంది."

రాజు సరేనన్నాడు. రాజముద్ర కోటలో, బొక్కసంలో, తాళం వేసిన పెట్టెలో భద్రంగా ఉంది.

సంత రోజు బాకాలు ఊదుతూ రాజుగారి ఊరేగింపు ఏటిగట్టుకు వచ్చింది. ముందు పట్టపుటేనుగు, వెనక పల్లకిలో రాజు, పక్కన శాస్త్రి, వెనక కోనప్ప. చివర ఇద్దరు భటుల మధ్య ఈదమ్మ. ఏనుగు నీళ్ళలో ఒక్క అడుగు వేసి, తొండంతో ఇసుకను తడిమి, నిమ్మళంగా వెనక్కి తిరిగింది. మావటివాడు ఎంత అదిలించినా కదలలేదు. బోయీలు పల్లకి దించేశారు.

"దారి ఏది?" అని రాజు గర్జించాడు.

గట్టు మీద చాకళ్ళు ఉన్నారు, చేపలు పట్టేవాళ్ళు ఉన్నారు. కాస్తో కూస్తో దారి తెలిసినవాళ్ళే. అందరూ చేతులు కట్టుకుని తల దించుకున్నారు.

"దారి చూపడం ఉపకారమే కదా ప్రభూ! ముద్ర లేదు, పాపం" అన్నాడు కోనప్ప.

రాజు ఇక చాలించి వెనక్కి మళ్ళుతాడని అతని అంచనా. అంతవరకే అతను వేసిన ఎత్తు. కాని శాస్త్రి అడ్డుపడ్డాడు. "ప్రభువులకు దారి ఒకరు చూపాలా! తమ పాదం తగిలితే ఊబి సైతం శిల అవుతుంది!"

పొగడ్త చెవిన పడితే రాజుకు ఇక కళ్ళు కనబడవు. దిగ్గున లేచి, తలపాగా సర్దుకుని ఏటిలోకి నడిచాడు. కోనప్ప గట్టు అంచుకు పరుగెత్తాడు. "ప్రభూ, వద్దు!" అని కేక వేశాడు. అప్పటికే ఆలస్యమైంది. పది అడుగులు వేశాడో లేదో ఇసుక మెత్తగా నవ్వినట్టయి, రాజుగారి మోకాళ్ళను మింగేసింది.

"లాగండ్రా! అలా చూస్తారేం?"

భటులు ముందుకు ఉరకబోయి, అంతలోనే శాసనం గుర్తొచ్చి ఆగిపోయారు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "ముద్ర... ప్రభూ..." అని నసిగాడు దళపతి.

"నేనే అనుమతిస్తున్నాను!"

"నోటిమాట చెల్లదని తమరే..."

"శాస్త్రీ!" అని రాజు అరిచాడు. గింజుకున్నకొద్దీ లోతుకు పోతున్నాడు. తొడల దాకా వచ్చింది. శాస్త్రి గట్టు మీద మరో రెండడుగులు వెనక్కి వేశాడు.

కోనప్పకు చమత్కారం ఎగిరిపోయింది. చెప్పులు విడిచి తనే దూకబోయాడు. అంతలో వెనక నుంచి ఒక బొంగురు గొంతు వినబడింది.

"ఏందయ్యా మీ ముద్ర గోల! ముందు మనిషిని బయటికి తియ్యండి, మాటలు తరవాత! ఒరే, నా చెయ్యి వదులు. కావాలంటే మళ్ళీ చెరలో పెట్టుకుందువు."

ఈదమ్మ భటుడి చెయ్యి విదిలించుకుని, పల్లకి బొంగును ఊడబీకి, ఇసుకను కాలి బొటనవేలితో తడుముతూ ఏటిలోకి దిగింది. గట్టి నేల దొరికిన చోట నిలిచి, బొంగును రాజు ముందు అడ్డంగా పడేసింది.

"గింజుకోకు నాయనా! గింజుకుంటే అది ఇంకా పట్టుకుంటది. వెల్లకిలా పడుకో."

"నేనా? బురదలోనా?"

"ఇంకెవరు? ఆకాశం కేసి చూడు. బొంగు పట్టుకో. కాళ్ళు మెల్లగా ఆడించు, పసిపిల్లోడు ఉయ్యాల్లో ఆడించినట్టు. ఆఁ, అట్లా!"

అఖండ లోకోపకార ధురంధరుడు బుద్ధిగా బురదలో వెల్లకిలా పడుకున్నాడు. కాళ్ళు ఆడించాడు. ఊబి విసుగ్గా ఒక్కో కాలూ వదిలింది. ఈదమ్మ, ఆమె వెనకే దిగిన కోనప్ప కలిసి ఆయన్ను గట్టుకు ఈడ్చుకొచ్చారు.

రాజు లేచి నిలబడ్డాడు. మీసం నుంచి బురద కారుతోంది. చూపు కోనప్ప మీద పడింది.

"నన్ను ఇక్కడికి తెచ్చింది నువ్వు. నీ తల తీయిస్తాను."

కోనప్ప వంగి నమస్కరించాడు. "చిత్తం. నా తల ఎక్కడికీ పోదు ప్రభూ. ముందు ఒక న్యాయం తేల్చండి. ఈ ముసలిది ముద్ర లేకుండా మళ్ళీ ఉపకారం చేసింది. అదీ తమ కళ్ళెదుటే. ఇప్పుడు ఈమె శిక్ష రెట్టింపు చేయమంటారా? లేక తమను తిరిగి ఊబిలో దించి, కోట నుంచి ముద్ర తెప్పించి, శాసన ప్రకారం బయటికి తీయమంటారా?"

రాజు కోనప్పను చూశాడు. ఊబిని చూశాడు. తన ఒంటి మీది బురదను చూసుకున్నాడు. పెదవి వణికింది. మరుక్షణం ఆయన పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. ఆయన నవ్వాక దళపతి నవ్వాడు, బోయీలు నవ్వారు, ఏటి రెండు గట్లూ నవ్వాయి.

నవ్వు తగ్గాక రాజు ఈదమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, ఈ కర్రలు నిన్నెవరు పాతమన్నారు?"

"ఎవరనాలి నాయనా? మా అత్త పాతేది. ఆమెకు ముందు ఇంకెవరో పాతి ఉంటారు. ఎవరో ఒకరు పాతాలి గదా!"

రాజు గట్టు మీది జనం వైపు తిరిగాడు. తరువాత గొంతు సవరించుకుని అందరికీ వినబడేలా అన్నాడు. "నేటితో ఆ శాసనం రద్దు! ఆ బిరుదు నాది కాదు. ఈమెది. ఈమెను అఖండ లోకోపకార ధురంధర అని పిలవండి!"

ఈదమ్మ హడలిపోయింది. "వద్దు నాయనా! ఊబిలో దిగబడినోడు ఆ పేరంతా పిలిచేలోగా మునిగేపోతాడు. ఈదమ్మా అంటే చాలు, వస్తాను."

రాజు మళ్ళీ నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి, బురద తుడిచి, కోనప్ప మెడలో వేశాడు. "నాకు ఎదురు చెప్పకుండానే బుద్ధి చెప్పావు. తీసుకో. అవ్వా, నీకేం కావాలి?"

ఆమె తటపటాయించింది. చేతిలోని పల్లకి బొంగు వంక చూసింది. "ఇది బాగా గట్టిది నాయనా. ఏటి నడిమధ్య వడి ఎక్కువ, ఏ కర్రా నిలవట్లేదు. ఇది ఇస్తావా?"

రాజు ఇచ్చేశాడు.

ఈదమ్మ ముందు నడుస్తూ చోటు చూపగా భటులూ చాకళ్ళూ కలిసి, కోట నుంచి తెప్పించిన మోపులు విప్పి కర్రలు పాతారు. నడిమధ్య పల్లకి బొంగు నిలిచింది, దానికి ఎర్రపట్టు గుడ్డ కట్టారు. అవతలి గట్టున కాచుకున్న భార్యకు కోనప్ప ఇంకాసేపట్లో వస్తానని సైగ చేశాడు. ముందు రాజును కోట దాకా సాగనంపాలి కదా.

బొంగు లేని పల్లకి ఎందుకు పనికొస్తుంది? రాజు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే బయలుదేరాడు. ఒళ్ళంతా ఎండిన బురదే. పొలాల దారిలో ఎదురైన ఒక ముసలి రైతు ఆయన్ను పోల్చుకోలేక, "ఎవరయ్యా నువ్వు, అటు పోకు! తుమ్మముళ్ళు పడున్నాయి, కాళ్ళు చీరుకుపోతాయి. ఈ గట్టు మీదుగా రా" అని చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

కోనప్ప ఏదో అనబోయాడు. రాజు అతని నోటికి చెయ్యి అడ్డంపెట్టి, రైతు వెనకే గట్టెక్కి, "చల్లగా ఉండు తాతా" అన్నాడు.