పోలన్న ముడి

అనగనగా, బావులన్నీ మనుషులు గునపాలతో తవ్వుకునే కాలంలో, పేరూరులో పోలన్న జనపనారతో మోకులు పేనేవాడు. మోకు అంటే మామూలు తాడు కాదర్రా! బావి తవ్వేవాడు నడుముకి కట్టుకుని లోపలికి దిగే లావుపాటి తాడు.

పోలన్నకు ఒక నియమం ఉండేది. పేనిన ప్రతి మోకునూ దూలానికి కట్టి తానే వేలాడేవాడు. వంద లెక్కపెట్టేదాకా కాలు నేల మోపేవాడు కాదు. మోకు నిలిస్తే దాని కొసన తన చేత్తో ఒక ముడి వేసేవాడు. ఆ ముడి చూస్తే చాలు, బావి తవ్వేవాళ్ళు నిశ్చింతగా దిగేవాళ్ళు.

అతని దగ్గర ముగ్గురు పనివాళ్ళు. యజమాని ఏమన్నా చిట్టప్ప "చిత్తం" అనేవాడు. గురవయ్య పనిలో దిట్ట, కానీ నోరు విప్పడు. నాగులమ్మ ఉన్నమాట మొహానే అనేసేది.

ఇలా ఉండగా రాజుగారు ఊరి పక్కనే ఉన్న తన కోటలో పన్నెండు బావులు తవ్వించ తలపెట్టి, పోలన్నను రెండు వందల మోకులు అడిగారు. పోలన్న కాళ్ళు నేలమీద నిలవలేదు. కొత్త పాకలు వేశాడు, కొత్త కూలీలను పెట్టాడు.

"ఇకమీదట పది మోకుల్లో ఒకదానికి వేలాడి చూస్తే చాలు" అన్నాడు.

"చిత్తం! అయ్యగారి బుర్రే బుర్ర!" అన్నాడు చిట్టప్ప.

గురవయ్య తలొంచుకుని పేనుతున్నాడు.

"దిగేవాడి చేతికి ఆ ఒక్క మోకే వస్తుందా అయ్యా?" అంది నాగులమ్మ.

పోలన్న నవ్వేసి ఊరుకున్నాడు.

తర్వాత ముసురు పట్టింది. నార ఆరలేదు. తడినారే పేనెయ్యమన్నాడు పోలన్న. చిట్టప్ప చిత్తమన్నాడు. నాగులమ్మ ఒక మోకు పురి విప్పి, లోపల నల్లబడ్డ నార చూపించింది. గురవయ్య కూడా చూశాడు. చూసి, మళ్ళీ పనిలో పడ్డాడు. పోలన్న మాత్రం మొహం చిట్లించుకుని వెళ్ళిపోయాడు.

గడువు దగ్గరపడింది. పోలన్న వేలాడటం పూర్తిగా మానేసి, ముడులు వేసే పని చిట్టప్పకు అప్పగించాడు. నాగులమ్మ ఆ ముడులు విప్పబోయింది.

"నా ముడి విప్పడానికి నువ్వెవరు?" అని గర్జించాడు పోలన్న.

"నువ్వు వేలాడని మోకుకి నీ ముడి ఎలా ఉంటుందయ్యా?"

ఆ పూటే ఆమెను గెంటేశాడు. ఆమె తన వసారాలో కూర్చుని, ఒక్కొక్క మోకే పేనుకోసాగింది.

గురవయ్య తమ్ముడు సూరయ్య కోటలో బావి పనికి కుదిరాడు. "మా మోకు కట్టుకుని దిగకు" అని గురవయ్య ఇంట్లో మెల్లగా చెప్పాడు.

"మరి మిగతావాళ్ళో అన్నా?"

"మనకెందుకురా? తెలిస్తే నా పని పోతుంది."

సూరయ్య బతిమాలుకుని గట్టుమీద మట్టి లాగే పని సంపాదించాడు. అన్న కోసం తనూ నోరు మూసుకున్నాడు.

మోకులు కోటకు చేరి పని మొదలైన నాలుగోనాడు ఒక మోకు పుటుక్కున తెగింది. దిగుతున్న మనిషి బావిలో పడ్డాడు. "బాబోయ్, కాలు విరిగింది! నీళ్ళు ఊరుతున్నాయి!" అని లోపలినుంచి ఒకటే ఏడుపు. సూరయ్య వినలేకపోయాడు. తెలిసీ చెప్పలేదన్న బాధతో, దొరికిన మోకు నడుముకి కట్టుకుని దిగాడు. సగంలో అదీ తెగింది.

ఎవరో పరుగున వెళ్ళి నాగులమ్మను మోకుతో సహా పిలుచుకొచ్చారు. అంత తొందరలోనూ ఆమె ముందు తన మోకుకి తాను వేలాడి చూసి, తర్వాతే మనిషిని దింపింది. మొదట పడ్డవాడు ప్రాణాలతో పైకి వచ్చాడు. సూరయ్య రాలేదు, అతని శవం వచ్చింది.

కబురు విని పనివాళ్ళతో పరుగెత్తుకొచ్చిన పోలన్న నెత్తి కొట్టుకున్నాడు. "లోపల ఇంత కుళ్ళుంటే ఒక్కరైనా గట్టిగా చెప్పలేదేంరా?"

"చెప్పినామెను గెంటేశారు కదయ్యా. నాకూ పెళ్ళాం పిల్లలున్నారు" అన్నాడు చిట్టప్ప.

గురవయ్య తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని, "నాకు తెలుసు, నాకు తెలుసు" అని అరిచాడు. అతను అంత గట్టిగా మాట్లాడటం ఊళ్ళోవాళ్ళు అదే మొదటిసారి వినడం.

ఆ తర్వాత ఎవరూ పోలన్న గడప తొక్కలేదు. బావి తవ్వేవాళ్ళంతా నాగులమ్మ వసారా ముందే కాచుకునేవాళ్ళు. ఒకనాడు గురవయ్య వచ్చి పని అడిగాడు.

"నీ చేతిపనికి వంకలేదు గురవయ్యా. నా తప్పు కనిపిస్తే నా మొహానే చెబుతావా?"

"చెబుతానమ్మా" అన్నాడు గురవయ్య. ఆ ఒక్క మాట తమ్ముడు పోకముందు అనలేకపోయానని కుమిలి కుమిలి ఏడ్చాడు.

కాదన్నవాళ్ళను తరిమేసిన యజమానికీ, తప్పని తెలిసీ తలొంచుకున్న పనివాడికీ పాపంలో సమాన వాటా ఉంటుంది.