కనుమ దారిలో ఎర్ర దీపం

జీలుగుకొండకు అవతల వైద్యుడు, ఇవతల రోగులు. మధ్యలో కనుమ దారి. ఒక పక్క నిలువుగా కొండ, ఇంకో పక్క లోయ. రెండు బళ్లు ఎదురుపడ్డాయంటే ఒకటి కొండవైపు ఒదిగి ఆగితే తప్ప రెండోది కదలడానికి లేదు. పైగా వానాకాలం నాలుగు నెలలూ అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా మంచు కమ్ముకునే ఉండేది. పది అడుగుల దూరంలో ఉన్నది బండో బండరాయో తెలిసేది కాదు. అందుకని ఆ అడవిలో జంతువులు పట్టపగలే బళ్లకు లాంతర్లు కట్టుకుని తిరిగేవి.

లాంతర్ల రంగులకు ఒక కట్టుబాటు ఉంది. అడవికి పెద్ద అయిన ఏనుగు అంకమ్మ పెట్టిన కట్టుబాటు. కొండచరియ విరిగిపడ్డ చోట మట్టి ఎత్తే అడవిపందులకు పసుపు గాజు. కాపలా తిరిగే రేచుకుక్కలకు నీలం. రోగుల బండికి ఎరుపు. మిగతా అందరికీ మామూలు తెల్ల దీపం. పసుపు కనబడితే నెమ్మదిగా పోవాలి. నీలం దీపం వాళ్లు ఆగమంటే ఆగాలి. ఎరుపు కనబడితే మాత్రం ఎవరైనా సరే, ఎంత పని మీద పోతున్నా సరే, కొండకు ఆనుకుని నిలబడిపోవాలి.

రోగుల బండి లాగేది పోలయ్య. ముసలి ఎద్దు. పదకొండేళ్లుగా అదే బండి, అదే దారి. కాడి ఒరిసీ ఒరిసీ మెడ మీద చర్మం చెప్పు అట్టలా మొద్దుబారిపోయింది. విరిగిన కాళ్లు, పాము కాట్లు, జ్వరాలు, కాన్పులు, అన్నీ అతని వీపు వెనకాల మూలుగుతూ కొండ దాటినవే. ఎవరైనా పలకరిస్తే "ఆఁ" అనేవాడు. అంతకు మించి మాట్లాడే ఓపిక అతనికి ఎప్పుడో పోయింది.

అవతలి చెరువులో చేపలు పట్టించి ఇవతల సంతకు తోలేది నక్క జోగినాథం. చలాకీ మనిషి. మాట మెత్తన, లెక్క గట్టి. కంచరగాడిదను కట్టిన బండి నిండా తడి గోనెలు కప్పిన చేపల బుట్టలు ఉండేవి. ఒకరోజు కనుమలో పోలయ్య ఎదురొచ్చాడు. జోగినాథం బండిని కొండవైపు లాగి ఆపాడు. పోలయ్య రోగిని దింపి, ఖాళీ బండితో వెనక నుంచి వచ్చి దాటిపోయి, కాసేపటికే మళ్లీ ఎవరినో ఎక్కించుకుని ఎదురయ్యాడు. మళ్లీ ఆగాల్సి వచ్చింది. బుట్టల మీద ఈగలు ముసిరాయి.

మర్నాడే నక్క పంచాయితీకి పోయాడు.

"అంకమ్మ తల్లీ, ఒక్క సందేహం. ఎర్ర దీపం ఎవరికని కట్టుబాటులో ఉంది?"

అంకమ్మ పక్కనున్న కొంగ పంతులు తాటాకు తీసి చదివాడు. "ఆపద మీద పోయే బండికి ఎర్ర దీపం."

"చూశారా, రోగి అన్న మాటే లేదు," అన్నాడు జోగినాథం. "చేప సంగతి మీకు తెలియనిది కాదు. పూట దాటితే పాడైపోతుంది. పాడైన చేప తింటే కడుపులో నొప్పి. నొప్పి వస్తే ఎవరికి చాకిరీ? మన పోలయ్య మామకే. నా బండి త్వరగా పోయిందంటే మామకు ఆ మేరకు శ్రమ తగ్గినట్టే కదా! అందుకే అడుగుతున్నాను, నా కోసమా?"

అంకమ్మ ఆ రోజు పొద్దుటి నుంచి తగాదాలు వింటూనే ఉంది. తొండం నేల మీద వాల్చేసింది. చెట్టు నీడలో కళ్లు మూసుకుని నిలబడ్డ ఎద్దు వైపు చూసింది.

"ఏమయ్యా పోలయ్యా, నీకేమైనా అభ్యంతరమా?"

పోలయ్య ఆ తెల్లవారకముందే రెండుసార్లు కొండ ఎక్కి దిగి ఉన్నాడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. నక్క దానికి బదులు చెబుతాడు. దానికి మళ్లీ తను చెప్పాలి. అదంతా తలుచుకుంటేనే నీరసం వచ్చింది.

"నాకెందుకు తల్లీ, మీ ఇష్టం," అన్నాడు.

జోగినాథం బండికి ఆ సాయంత్రమే ఎర్ర గాజు ఎక్కింది.

నక్కకు ఇచ్చింది దుమ్ములగొండికి ఎందుకు ఇవ్వరు? అదీ తెచ్చుకుంది. నెమళ్ల మేళం వాళ్లు ముహూర్తం తప్పిపోతే పెళ్లివారికి ఆపదేనన్నారు. కోతులు తమ పనసపళ్లు మగ్గిపోతున్నాయన్నాయి. ఏదీ కాదనడానికి అంకమ్మకు దారి దొరకలేదు. నెల తిరిగేసరికి కనుమలో తెల్ల దీపం అన్నది కరువైంది. ఎటు చూసినా మంచులో ఎర్రగా మిణుకు మిణుకుమంటూ వచ్చేవే. అందరికీ తొందరే, ఎవరూ ఒదగరు. మొదట్లో పోలయ్య "రోగి ఉంది, దారి ఇవ్వండయ్యా" అని అరిచేవాడు. అందరూ అదే అరవడం మొదలుపెట్టాక మానేశాడు. ఎదుటివాళ్లు విసిగి తప్పుకునేదాకా తల వంచుకుని నిలబడేవాడు.

శ్రావణంలో ఒక ఉదయం లేడి చెన్నమ్మకు నొప్పులు మొదలయ్యాయి. అంతకు ముందు రెండు కాన్పులు పోయాయి ఆమెకు. ఈసారి బిడ్డ అడ్డం తిరిగిందని ఆమెకే తెలుస్తోంది. బండి ఎక్కుతూ, "పోలయ్య మామా, వైద్యుడి దగ్గరకు చేరిస్తే చాలు, ఆయన చెయ్యి పెట్టి సరిచేస్తాడట," అంది.

"చేరుస్తానమ్మా," అన్నాడు పోలయ్య. ఏళ్ల తర్వాత మొదటిసారి పరుగెత్తాడు.

సగం కొండ ఎక్కాక, సరిగ్గా ఇరుకు మలుపులో, మంచులోంచి ఎర్ర దీపం ఒకటి బయటపడింది. జోగినాథం.

"తప్పుకో జోగినాథం, లోపల కాన్పు మనిషి ఉంది."

"నువ్వే వెనక్కి తగ్గు మామా. నాది దిగుడు, బండి ఆగదు."

"ఆగే ఉంది కదా ఇప్పుడు! కొండవైపు ఒదుగు."

"నీదీ ఎరుపే, నాదీ ఎరుపే. ఏ ఎరుపుకు ఏ ఎరుపు ఒదగాలో కట్టుబాటులో రాసి లేదు. నేనెందుకు ఒదగాలి?"

"నీ కళ్లతో నువ్వే వచ్చి చూసుకో."

"నిన్న దుమ్ములగొండి కూడా ఇదే మాట అంది. దిగి చూస్తే ఎముకల మూట. నేను మళ్లీ మోసపోను."

ఈలోగా పోలయ్య వెనక మేళం బండి వచ్చి ఆగింది. నక్క వెనక కోతుల బండి ఆగింది. నాలుగు ఎర్ర దీపాలు, నలుగురి అరుపులు. వెనక్కి పోవడానికి లేదు, ముందుకు పోవడానికి లేదు. బండిలోంచి చెన్నమ్మ మూలుగు మొదట గట్టిగా, తర్వాత సన్నగా, ఆ తర్వాత వినబడీ వినబడనట్టు వచ్చింది. పోలయ్య కాడి వదిలించుకుని వెళ్లి చూడాలనుకున్నాడు. ఆ ఇరుకులో బండి లోయలోకి జారుతుందని భయపడి కదలలేదు.

చాలాసేపటికి లోపల అంతా నిశ్శబ్దమైంది. తర్వాత చెన్నమ్మ గొంతు వినబడింది.

"మామా, ఇంక తొందర లేదు. మెల్లగా పోనీ."

ఆ మాట నక్క చెవిన కూడా పడింది. గబగబా దిగి వచ్చి బండిలోకి తొంగిచూశాడు. అంతే గబగబా వెనక్కి పోయి, కోతులను వెనక్కి తగ్గమని చెప్పి, తన బండిని కొండకు ఆనించాడు.

"నిజంగా ఉందని నాకేం తెలుసు మామా," అన్నాడు నేల చూపులు చూస్తూ. "అందరూ అదే అంటున్నారు కదా."

పోలయ్య బండిని వైద్యుడి దగ్గరకు లాగాడు. తల్లికి రక్తం ఆగేలా వైద్యుడు ఏదో ఆకు పసరు వేశాడు, ఆమె బతికింది. బిడ్డను కొండ అవతలే పూడ్చారు. తిరిగొస్తున్నంతసేపూ పోలయ్యకు తను పంచాయితీలో అన్న ఒక్క మాటే గుర్తొచ్చింది. నాకెందుకు తల్లీ! చెప్పే ఓపిక లేక అన్న మాట. నక్క అడిగింది ఒక ఎత్తు, తను ఊరుకున్నది ఒక ఎత్తు.

తర్వాతి పంచాయితీకి పోలయ్య వెళ్లాడు. ఎర్ర దీపాలు పీకించేయమంటాడని అందరూ అనుకున్నారు. జోగినాథం రాత్రంతా కూర్చుని పది జవాబులు తయారుచేసుకుని వచ్చాడు.

"ఎవరి దీపమూ తీయొద్దు తల్లీ," అన్నాడు పోలయ్య. "ఒక్క మాట చేర్చండి చాలు. ఎర్ర దీపం ఉన్న బండిని దారిలో ఏ రోగి పిలిచినా, ఆగి ఎక్కించుకుని వైద్యుడి దగ్గర దింపాలి. కాదన్న బండిని రేచుకుక్కలు పట్టుకుపోవాలి. నేనొక్కణ్ణే తిరగలేకపోతున్నాను. ముసలివాణ్ణయ్యాను."

జోగినాథానికి పెద్ద బరువు దిగిపోయినట్టయింది. పది జవాబులూ లోపలే మింగేశాడు.

"దానిదేముంది మామా! దయగల మాట. మేమందరం లేమా? రాయండి పంతులుగారూ."

దుమ్ములగొండి సరేనంది, నెమళ్లు సరేనన్నాయి. అంకమ్మ మాత్రం ఎద్దు ముఖంలోకి కాసేపు అలాగే చూసింది. తర్వాత పాదం ఎత్తి తాటాకు మీద ముద్ర వేసింది.

మర్నాడు పొద్దున్నే జోగినాథం తాజా చేపలతో కనుమ దిగుతున్నాడు. రాతి మీద అడవిపంది గురవయ్య చతికిలబడి ఉన్నాడు. మూడు రోజులుగా విరేచనాలు.

"ఎర్ర దీపమేనా అబ్బాయ్? ఆగు, ఎక్కుతా."

"ఇది చేపల బండి బాబాయ్. పోలయ్య మామ వస్తాడు వెనకాల."

"దీపం ఎర్రగానే ఉందే మరి!"

మంచులో కొంచెం దూరాన నీలం దీపం కదిలింది. నక్క నోరు మూసుకుని పందిని ఎక్కించాడు. బుట్టల మీద తప్ప చోటు లేదు, గురవయ్య అక్కడే కూర్చున్నాడు. వైద్యుడేమో తను వచ్చిన వైపే. బండి తిప్పడానికే సగం పూట పట్టింది. దింపి మళ్లీ సంత వైపు తిరిగాడో లేదో, వీపు మీద కురుపు లేచిన ఎలుగుబంటి. దాన్ని దింపి తిరిగాక జ్వరంతో వణుకుతున్న ముళ్లపంది. దానికి భయం వేసి చుట్టుకుపోతే ముళ్లు గోనెల్లోంచి చేపల్లోకి దిగాయి. వానాకాలం, అడవంతా రోగాలే. ఎవరికి ఏ ఎర్ర దీపం ముందు కనబడితే అది ఎక్కేస్తున్నారు.

పొద్దు వాలేవేళ మలుపు దగ్గర పోలయ్య ఎదురొచ్చాడు. బండి ఖాళీగా ఉంది. జోగినాథం బండి చుట్టూ భరించలేని కంపు, ఈగలు. ఆయాసంతో కంచరగాడిద నాలుక బయటపెట్టింది.

"మామా," అన్నాడు నక్క. "రోజూ ఇంతేనా ఇది?"

"భాద్రపదంలో ఇంకాస్త ఎక్కువగా ఉంటుంది," అన్నాడు పోలయ్య.

దూరంగా కొండ కింద సంత కూడి చెదిరిపోతున్న చప్పుడు వినిపిస్తోంది. జోగినాథం బుట్టలు ఒక్కొక్కటే ఎత్తి లోయలో కుమ్మరించాడు. తర్వాత బండి ముందుకు పోయి, తనే అడిగి తెచ్చుకున్న ఎర్ర గాజును తన చేత్తోనే ఊడదీశాడు. పది రోజుల్లో దుమ్ములగొండీ తీసింది, నెమళ్లూ తీశాయి, కోతులైతే ఎవరూ చూడకుండా గాజులు పంచాయితీ గడపలో పెట్టి పారిపోయాయి.

పోలయ్య గెలిచానని అనుకోలేదు. ఆ తర్వాత ఒకరోజు ఎదురుగా వచ్చిన ప్రతి బండీ తెల్ల దీపంతో కొండకు ఒదిగి నిలబడుతుంటే, చెన్నమ్మ ఎక్కిన రోజున ఇలా నిలబడి ఉంటేనా అనుకున్నాడు, అంతే. ఇవతలికి చేరి నడుం వాల్చాడో లేదో, ఎవరికో కాలు విరిగిందని కబురు వచ్చింది. అతను లేచి కాడి కిందికి మెడ పెట్టాడు.

నీతి: దారి అడిగే హక్కు బరువు మోసేవాడికే ఉండాలి.