సున్నపు పట్టీ

ఫాదర్ ఇన్నాసయ్య గారి దగ్గర శిష్యులకు ఒక ఇబ్బంది ఉండేది. ఏ సందేహం అడిగినా ఆయన అవుననీ కాదనీ చెప్పరు. చేతిలో పని పూర్తయ్యేదాకా అసలు పలకరు. ఆ తరువాత అడిగినదానికి పొంతన లేనట్టుండే సంగతి ఏదో ఎత్తుకుంటారు. పల్నాడులో తెల్లగుండ్ల మెట్ట మీద ఉన్న ఆ బెనెడిక్టు సన్యాసుల మఠానికి నేను ఏటా కొన్నాళ్ళు మౌనం కోసం వెళ్ళేవాణ్ణి. మౌనం నాకు అబ్బలేదు గాని, ఆయన చెప్పిన సంగతులు కొన్ని వెంట తెచ్చుకున్నాను. వాటిలో ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు పాడవుతుంది.

ఆ ఏడు బాలశౌరి అనే శిష్యుడు సన్యాసం పుచ్చుకోవలసి ఉంది. ఈ మఠంలోనే ఉండి ఇక్కడే కన్నుమూస్తాననీ, ఇక్కడి బతుకే బతుకుతాననీ, మఠాధిపతి మాట జవదాటననీ పీఠం ముందు నిలబడి మాట ఇవ్వాలి. మొదటి రెండింటికీ అతను జంకలేదు. మూడోదే మింగుడుపడలేదు. మాట ఇవ్వవలసిన ఆదివారం దగ్గరపడే కొద్దీ అన్నం తినడం కూడా తగ్గించాడు.

"ఫాదర్, పెద్దలిచ్చిన ఆజ్ఞే తప్పయితే, దాన్ని పాటించినవాడికి పాపం అంటుతుందా?" అని అడిగాడు. అంటదు అనిపించుకోవాలనే వచ్చాడని అతని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

ఇన్నాసయ్య గారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. బుట్ట ఖాళీ అయ్యాక లేచి, మా ఇద్దరినీ వెంటబెట్టుకుని వసారాలోకి నడిచారు. ఆ మఠం కట్టడమంతా ఒక చదరపు ముంగిలి చుట్టూ ఉంటుంది. ఉత్తరాన గుడి, తూర్పున అందరూ కూడే సభాగది, దక్షిణాన భోజనశాల, పడమట అతిథుల గదులు. నాలుగింటినీ కలుపుతూ కమానుల వసారా. ఎక్కడో చలిదేశంలో మంచుకు ఓర్వలేక వేసుకున్న ఆ నమూనా మన పల్నాడు ఎండకూ అక్కరకొచ్చింది. గుడి వాయవ్య మూలకు వెళితే మాత్రం నాలుగు నాపరాళ్ళ గోడలు మనిషెత్తు లేచి అక్కడితో ఆగిపోతాయి. లోపల గడ్డి మొలిచి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు కడుతూ కడుతూ మానేశారనుకుంటారు. ఇన్నాసయ్య గారు ఆ గోడ మీద చెయ్యి వేసి చెప్పిన సంగతి ఇది.

ఈ మఠానికి రూపం ఇచ్చినవాడు బ్రదర్ చిన్నప్ప. కమానులు, గుడి కప్పు, అన్నీ ఆయన నిలబెట్టించినవే. ఆ పనితనం ఆయన తలకెక్కింది. గంటగోపురం దగ్గరికి వచ్చేసరికి మూడు మూలలు రాతి మీద పడ్డాయి, ఒక మూల నల్లరేగడి మీద పడింది. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నేల అది. సగం ఎత్తులో ఆపి, గోడ కుదురుకునేదాకా చూసి, ఆ మూలకు ఊతగోడ కట్టి, అప్పుడు పైకి వెళ్ళాలని ఆయన ఆలోచన. ఆ ఆలోచన ఒక్కరికీ చెప్పలేదు. పని ఎందుకు ఆగిందని ఎవరైనా అడిగితే, "మీరు ప్రార్థనలు చేసుకోండి, గోడల సంగతి నాకొదిలెయ్యండి" అనేవాడు.

తన పనితనం చూసుకుని విర్రవీగేవాణ్ణి ఆ పని నుంచి తప్పించాలని ఆ సన్యాసుల నియమం. అప్పటి మఠాధిపతి మరియదాసు గారు సభాగదిలో అందరి ముందూ చిన్నప్పను నిలబెట్టి, "గోపురం పని ఇక నీది కాదు. దాని ఊసు కూడా ఎత్తొద్దు. రేపటి నుంచి కూరతోట చూసుకో" అన్నారు. చిన్నప్ప నేలకు నుదురు ఆనించి లేచాడు. ఎంత వినయం అని చూసినవాళ్ళ కళ్ళు చెమర్చాయి.

ఊరి మేస్త్రీలను పిలిచి గోపురం పూర్తి చేయించారు. గంట కట్టారు. అయితే పని వదిలేముందు చిన్నప్ప రేగడి మూలనున్న సన్నటి పగులు మీద అడ్డంగా ఒక సున్నపు పట్టీ వేసి ఉంచాడు. గోడ నిలకడగా ఉంటే పట్టీ అలాగే ఉంటుంది, గోడ కదిలితే చిట్లుతుంది. తోటకు వెళ్ళే దారి ఆ పక్కనే. తొలకరి పడిన కొద్దిరోజులకు పట్టీ రెండు ముక్కలైంది. ఆయన చూశాడు.

వారానికోసారి సభాగదిలో ఎవరి తప్పులు వాళ్ళు మోకరించి చెప్పుకోవాలి. ఆ వారం చిన్నప్ప వంతు వచ్చినప్పుడు, "తండ్రీ, నా కళ్ళు గోపురం మీదికి పోయాయి. క్షమించండి" అన్నాడు. ఏం చూశావని మరియదాసు గారు అడగలేదు. గర్వం ఇంకా చావలేదనుకుని, తల వంచుకుని నడవమన్నారు. చిన్నప్ప తల వంచుకుని నడిచాడు. ఇచ్చిన ఆజ్ఞ మోయరానిదైతే, సమయం చూసి పెద్దాయన దగ్గరకు వెళ్ళి మెల్లగా చెప్పుకోవచ్చని నియమంలోనే ఉంది. చిన్నప్పకది కంఠతా వచ్చు. కాని ఒళ్ళంతా అవమానం మండుతోంది. వాళ్ళే రానీ, నువ్వు తప్ప దిక్కు లేదని అననీ, అప్పుడు చెబుతాను అనుకున్నాడు.

గంట కొట్టే పని బ్రదర్ లూర్దయ్యది. చిన్నప్పా ఆయనా ఒకే రోజున మఠంలో చేరారు. చేరిన క్రమంలోనే కూర్చోవాలి కనుక, గుడిలోనూ భోజనశాలలోనూ జీవితమంతా పక్కపక్కనే. చిన్నప్పకు ఇష్టమని తన బెల్లంముక్క కూడా ఆయన విస్తట్లోకి జరిపేసే మనిషి లూర్దయ్య. ఆయనొక పొద్దున తోటలోకి వచ్చాడు.

"గంట కొడతంటే పైనించి సున్నం రాల్తందన్నా. ఏందంటావ్?"

"నన్నడగొద్దు. ఆ ఊసెత్తొద్దన్నారుగా."

"పోనీ, పెద్దఫాదర్ గారికి చెప్పమంటావా?"

"నీ ఇష్టం. నేనేం చెప్పలా."

కట్టినవాడే కంగారు పడకపోతే నాకెందుకని లూర్దయ్య నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. రెండు రోజులు ముసురు పట్టింది. మూడోనాడు మధ్యాహ్నం ప్రార్థనకు అందరూ గుడిలోకి వస్తున్నారు. గంట మోగుతూ మోగుతూ ఆగింది. తరువాత వినబడింది గంట చప్పుడు కాదు.

రాళ్ళను అందరికంటే ముందు పట్టుకుని లాగింది చిన్నప్పే. గోళ్ళూడి నెత్తురు కారుతున్నా ఆపలేదు. లూర్దయ్యను బయటికి తీసేసరికి ప్రాణం లేదు. మరియదాసు గారు ఆ రాళ్ళ మధ్యనే నిలబడి, "నీకు ముందే తెలుసా?" అని అడిగారు.

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

"మీరు వద్దన్నారు."

మరియదాసు గారు నెల తిరక్కుండా మఠాధిపతి పదవి వదిలేసి, చివరి వరుసలో మామూలు సన్యాసిగా కూర్చున్నారు. గోపురం మళ్ళీ కట్టే మాట ఎవరూ తలపెట్టలేదు. లూర్దయ్య చోటు కూడా ఖాళీగా ఉండలేదు. క్రమం ప్రకారం తరువాతివాడు జరిగి చిన్నప్ప పక్కన కూర్చున్నాడు. చిన్నప్ప ఆ పక్కకు తల తిప్పడం ఎవరూ చూడలేదు. ముసలితనంలో మంచాన పడ్డాక, ఒళ్ళు తుడిచే ఇన్నాసయ్య గారికి ఇదంతా చెప్పాడట. చెప్పిన ప్రతిసారీ, నేను మాట దాటలేదు అని ముగించేవాడు. ఆ మాట అనుకున్నా చిన్నప్పకు నిద్ర పట్టేది కాదు.

ఇన్నాసయ్య గారు గోడ మీది చెయ్యి తీసి దులుపుకున్నారు. అప్పుడు బాలశౌరి అడిగాడు.

"ఇంతకీ తప్పెవరిది ఫాదర్? మరియదాసు గారిదా, చిన్నప్ప గారిదా?"

"ఆ ఏడాది ఈ మఠంలో ఆజ్ఞ మీరినవాడు ఒక్కడూ లేడు నాయనా" అన్నారు ఇన్నాసయ్య గారు.