సామలు దంచిన డ్రిల్లు మాస్టారు

చిదంబరయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే కూర్చున్నచోట కూర్చుని జవాబు చెప్పేవారు కాదు. లేచి, పైపంచె దులిపి భుజాన వేసుకుని, "నడుస్తూ చూద్దాం, పద" అనేవారు. ఆ నడక పెరటి దాకా కావచ్చు, పక్క ఊరి దాకా కావచ్చు. పునర్జన్మ ఉందా లేదా అని అడిగిన ఒక ప్లీడరుగారిని పన్నెండు మైళ్లు తిప్పి తీసుకొచ్చారట. ఆ ప్లీడరుగారు మళ్లీ ఆ ప్రశ్న ఎత్తలేదు. జవాబు దొరికి ఊరుకున్నాడో, కాళ్లు పడిపోయి ఊరుకున్నాడో మాత్రం తెలియదు. సాలూరు అవతల, కొండల మొదట్లో, మూడు గదుల పెంకుటింట్లో ఆయన నివాసం. చుట్టుపక్కలవాళ్లు దాన్ని ఆశ్రమం అనేవారు గాని ఆయన ఇల్లనే అనేవారు. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులోనూ ఆయన నడుస్తుంటే వెనకవాళ్లు పరుగు పెట్టాల్సి వచ్చేది.

ఆయన శిష్యుల్లో జగ్గునాయుడు ఒకడు. ముప్ఫై రెండేళ్లు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి ఆ మధ్యనే రిటైరయ్యాడు. అరవై ఏళ్లొచ్చినా నిటారుగా, చెక్కు చెదరకుండా ఉండేవాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నూట ఎనిమిది సూర్య నమస్కారాలు, ఆ పైన వంద దండీలు. ఏడున్నరకి నానబెట్టిన పెసలు, నాలుగు ఖర్జూరాలు. గడియారం చూసి ఆకలి తెచ్చుకునే మనిషి. అంత క్రమశిక్షణ ఉన్నవాడికి ఒకే ఒక్క బలహీనత, దేశం తిరగాలన్న పిచ్చి. అక్కడే పేచీ వచ్చేది. మొదటిసారి బదరీ వెళ్లినప్పుడు, యాత్రలో నియమాలేమిటని అన్నిటినీ గట్టున పెట్టి, కనబడ్డ ప్రతి దుకాణంలో కనబడ్డదల్లా తిన్నాడు. తిరిగొచ్చి మూడు నెలలు మంచం దిగలేదు. రెండోసారి రామేశ్వరం వెళ్లినప్పుడు బుద్ధి తెచ్చుకుని, బియ్యం దగ్గర్నుంచి పెసల దాకా ఇంటినుంచే మోసుకుపోయాడు, ఒక్కపూట కూడా వ్యాయామం మానలేదు. తిరిగొచ్చాక ఏమేం చూశావని అందరూ చుట్టూ చేరితే, దండీలు తీయడానికి ఏ సత్రంలో నేల బాగుందో తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాడు. ఆ మాట తలుచుకుంటే ఆయనకి ఇప్పటికీ మొహం చెల్లేది కాదు.

ఇప్పుడు మూడో కోరిక పుట్టింది. నర్మదా పరిక్రమ. నది చుట్టూ కాలినడకన తిరగాలి, దారిలో ఎవరు ఏది పెడితే అది తినాలి, మూడేళ్లు పట్టినా పట్టవచ్చు. భార్య వర్ధనమ్మ విని, "గురువుగారు వెళ్లమంటే వెళ్లండి. ఆయన వద్దంటే మాత్రం ఈ జన్మలో ఆ మాట ఎత్తకూడదు" అని తెగేసి చెప్పింది. అందుకని ఒక కార్తీకం సాయంత్రం జగ్గునాయుడు గురువుగారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "దారి పట్టుకుంటే ఒళ్లు చేజారుతోంది. ఒళ్లు పట్టుకుంటే దారి చేజారుతోంది. రెండూ దక్కే ఉపాయం ఉంటే చెప్పండి. లేదంటే నర్మద ఆశ వదిలేసుకుంటాను" అన్నాడు. చిదంబరయ్యగారు శిష్యుడి వంక చూసి, "కొండమీద గూడెంలో సన్యాసమ్మ ఉప్పు తెచ్చిపెట్టమంది. పొద్దున్నే వెళ్లొద్దాం" అన్నారు.

మర్నాడు తెల్లవారేసరికి ఇద్దరూ బయలుదేరారు. గురువుగారి సంచిలో రెండు కిలోల ఉప్పు తప్ప ఏమీ లేదు. జగ్గునాయుడు అప్పటికే నమస్కారాలు, దండీలు ముగించుకుని, పెసల డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు. "ఏం నాయుడూ, ఎక్కకముందే చెమటలు కారుస్తున్నావు?" అన్నారు గురువుగారు. కొండదారి మొదట్లో బాగానే ఉంది. సగం ఎక్కేసరికి గడియారం ఏడున్నర చూపించింది. జగ్గునాయుడు ఒక బండమీద చతికిలబడి డబ్బా తెరిచి, ఒక్కొక్క ముద్దా ముప్ఫైరెండు సార్లు నమిలి మింగాడు. తల ఎత్తేసరికి గురువుగారు మలుపు తిరిగిపోయారు. రొప్పుకుంటూ వెళ్లి అందుకుంటే, "ఆ కొండవాలంతా వలిసె చేలు పూశాయి, చూశావా?" అని అడిగారు. "ఏ వాలండీ?" అన్నాడు జగ్గునాయుడు. వెనక్కి తిరిగి చూస్తే చెట్లు అడ్డొచ్చాయి. మళ్లీ అడగడానికి జగ్గునాయుడికి మొహమాటమేసింది.

పది గంటలవేళకి గూడెం చేరారు. మొత్తం ఏడే ఇళ్లు. మొదటి ఇంటి అరుగుమీద సన్యాసమ్మ నేలరోట్లో సామలు దంచుతోంది. డెబ్బై దాటిన మనిషి, బక్కపలచగా, నల్లగా ఉంది. ఇంట్లో మిగతా నలుగురూ కోతకి వెళ్లారు, మధ్యాహ్నానికి వాళ్లు వచ్చేలోగా ఆ సామలు అన్నం కావాలి. చిదంబరయ్యగారు ఉప్పు అందించి, పైపంచె తలకి చుట్టుకుని, అడక్కుండానే పెరట్లో గొడ్డలి అందుకున్నారు. ఏ ఇంట్లోనూ ఏదో ఒక పని చేయకుండా ముద్ద ముట్టరు ఆయన. డెబ్బై ఎనిమిదేళ్ల గురువు కట్టెలు కొడుతుంటే అరవై ఏళ్ల శిష్యుడు అరుగుమీద కూర్చుంటే ఏం బాగుంటుంది? జగ్గునాయుడు చొక్కా విప్పి, "ఇలా ఇవ్వమ్మా, నేను దంచుతాను" అని రోకలి పట్టుకున్నాడు. సన్యాసమ్మ సంతోషపడి, బిందె తీసుకుని ఊటకి వెళ్లింది.

జగ్గునాయుడికి లోలోపల ఆనందం వేసింది. ప్రయాణంలో ప్రయాణం, వ్యాయామంలో వ్యాయామం! గురువుగారు చూపించదలచిన ఉపాయం ఇదే కాబోలనుకున్నాడు. రొమ్ము విరిచి, కాళ్లు ఎడంగా పెట్టి, మూడు వందల పోట్లు వేయాలని నిశ్చయించుకున్నాడు. కుడిచేత్తో పాతిక, ఎడమచేత్తో పాతిక. రోకలి ఇనప పొన్ను రోటి అడుక్కి తగిలి ఖణేల్మంటోంది. వందకి ఊపిరి బిగబట్టాడు, రెండువందలకి వేగం పెంచాడు, మూడువందలకి ఆగి, సరిగ్గా ఎనిమిది నిమిషాలైందని గడియారం చూసి మురిసిపోయాడు. అప్పుడే సన్యాసమ్మ బిందె దించి, రోటి దగ్గర కూర్చుని, లోపల చెయ్యి పెట్టింది. పిడికిలి విప్పితే వేళ్లసందుల్లోంచి పిండి జారింది.

"ఏటి సేసినావు బావూ?" అంది.

"మూడు వందలు వేశానమ్మా" అన్నాడు జగ్గునాయుడు, ఇంకా రొప్పుతూనే.

"మూడొందలు ఎవులడిగినారు? గింజ సూడాల గాని! పొట్టు ఊడితే ఆపీయాల. సేలో నలుగురున్నారు, ఆకలితో ఒత్తారు. ఈ నుగ్గు వండి పెడితే నా మొకాన కొట్టరూ?"

ముప్ఫై రెండేళ్లు ఈల ఊది వందలమంది పిల్లల్ని వరసలో నిలబెట్టినవాడు, ఆ ముసలమ్మ ముందు తల ఎత్తలేకపోయాడు. "కిందికెళ్లి బియ్యం తెచ్చేస్తానమ్మా" అన్నాడు. "నువ్వు దిగి ఎక్కీసరికి పొద్దు గూకుతాది" అంది ఆవిడ. సాయం కోసం పెరట్లోకి చూశాడు. గురువుగారు ఇటు తిరగనైనా లేదు, కట్టెలు కొడుతూనే ఉన్నారు. ఇక నర్మద లేదు, ఏమీ లేదనుకున్నాడు జగ్గునాయుడు. ఒక ఇంట్లో పూట గింజలు పాడుచేసినవాడు, ఏ మొహం పెట్టుకుని ఊరూరా ఇంటింటా తింటాడు?

సన్యాసమ్మ మాత్రం గొణుక్కుంటూ లోపలికి పోయి, ఇంకో చేటెడు సామలు తెచ్చి రోట్లో పోసింది. "రేపటికని దాసినాను. పట్టు రోకలి" అంది. జగ్గునాయుడు నమ్మలేక ఆవిడ మొహంలోకి చూశాడు. "నువ్వే దంచుకో అమ్మా, నా చేత్తో వద్దు" అన్నాడు. "సెడగొట్టిన సెయ్యే నేర్సుకోవాల. సెవొగ్గి ఇను. పొట్టున్నప్పుడు ఒకలాగ పలుకుతాది, పొట్టు రాలినాక ఇంకోలాగ పలుకుతాది" అని పక్కనే గొంతుక్కూర్చుంది. ఆయన భయంభయంగా రోకలి ఎత్తి దించాడు. "అంత బలం ఎందుకు? దాని బరువు దానికుంది, ఒదిలీ" అంది. వదిలాడు. రోకలి తనంతట తాను పడుతోంది, తను చేయాల్సిందల్లా ఎత్తడమే. కాసేపటికి భుజాలతో పాటు నడుము, పిక్కలు, అరికాళ్లు కూడా ఆ పనిలోకి వచ్చాయి. నిజంగానే చప్పుడు మారింది. గరగరమనేది పోయి మెత్తగా, సన్నగా పలికింది. ఆవిడ చెయ్యెత్తకముందే ఆయనే ఆపాడు. రోట్లో గింజలు తెల్లగా, దేనికది విడిగా ఉన్నాయి. ఎన్ని పోట్లు వేశాడో ఆయనకి తెలియదు.

చేటతో చెరుగుతూ సన్యాసమ్మ మాటల్లో పడింది. పెనిమిటి పోయిన ఏడాది ఆవిడ పూరీ జగన్నాథం వెళ్లిందట, కాలినడకన. వెళ్లడానికి ఇరవై రెండు రోజులు, రావడానికి ఇరవై నాలుగు. "వచ్చేటప్పుడు ఎందుకు ఆలస్యమైంది?" అని అడిగాడు జగ్గునాయుడు. "ఎల్లేటప్పుడు తెలిసినోలు నేరు. ఒచ్చేటప్పుడు ఇంటింటా ఆపీసినారు" అంది. దారిలో తిండికి ఏం చేశావంటే, "ఆల్లకి దంచీదాన్ని. ఆల్లేటి తింటే అదే తినీదాన్ని. ఒక ఊర్లో బియ్యం, ఒక ఊర్లో చోడంబలి. ఏ ఊరి రోకలి ఆ ఊరిదే బావూ, పొడుగ్గుంటాది, పొట్టిగుంటాది, పట్టుకుంటే గాని తెల్దు" అంది. ఒంటికి ఏమీ కాలేదా అని అడిగితే నవ్వింది. "ఏటవుతాది? పొద్దల్లా నడిసినోడికి ఆకలేత్తాది. కుండ అడుగు కనపడకముందే సెయ్యి కడిగీసీదాన్ని. ఆల్లు కూడా తినాల గదా." ఆ తర్వాత సముద్రం చూసిన సంగతి చెప్పింది. ఉప్పంతా అందులోంచే తీస్తారటగా, అంత ఉప్పుకి కాపలా ఒక్కడూ లేడే అని ఆవిడకి ఇప్పటికీ ఆశ్చర్యమే. జగ్గునాయుడు ఆ మాటలు నోరు తెరుచుకుని విన్నాడు. కొలత లేదు, గడియారం లేదు, నలభై ఆరు రోజులు నడిచి, క్షేమంగా ఇంటికొచ్చి, చూసినవన్నీ కళ్లకి కట్టినట్టు చెబుతోంది. తను జీవితమంతా కూడబెట్టిన క్రమశిక్షణ ఈవిడ ఒంట్లో ఎప్పటినుంచో కాపురం ఉంటోందనిపించింది. ఒంగి కాళ్లకి దణ్ణం పెట్టబోతే, "సాల్లే, పొయ్యి ఊదు" అంది ఆవిడ.

మధ్యాహ్నానికి చేలోనివాళ్లు నలుగురూ వచ్చారు. సన్యాసమ్మ నుగ్గంతా జావ కాచింది, మంచి గింజలు అన్నం వండింది, గుమ్మడాకు కూర, కందికట్టు చేసింది. జావ తాగుతూ కోడలు, "ఇదేటి అత్తా, పసిగుంటలకి కాసినట్టు కాసినావు?" అంది. జగ్గునాయుడు గుటక మింగాడు. సన్యాసమ్మ ఆయన వంక ఓరగా చూసి, "ఎండన పడొచ్చినారు గదా, ముందు సల్లగా తాగండి" అని మాట దాటేసింది. తనని బయటపెట్టనందుకు జగ్గునాయుడి కళ్లు చెమర్చాయి. అడ్డాకు విస్తరి ముందు కూర్చుని సామన్నం కలుపుకున్నాడు. పిక్కలు లాగుతున్నాయి, కడుపు నకనకలాడుతోంది. నిజమైన ఆకలితో అన్నం తిని ఎన్నేళ్లయిందో గుర్తులేదు. ఇంత రుచి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియలేదు. సన్యాసమ్మ మళ్లీ వడ్డించబోతే కుండ వైపు చూసి, ఆకుమీద చెయ్యి అడ్డుపెట్టాడు. ఆ చెయ్యి చూసి చిదంబరయ్యగారు తలవంచుకుని తన అన్నం తాను తిన్నారు.

దిగేటప్పుడు జగ్గునాయుడు దారిపొడవునా చూస్తూనే నడిచాడు. వలిసె పూల వాలు పక్కకి రాగానే తనే ఆగాడు. కొండ నడుమంతా పసుప్పచ్చగా, ఆ చివరిదాకా అదే. గురువుగారు కూడా ఆగారు. జగ్గునాయుడు నెమ్మదిగా, "గింజలు పాడుచేసినవాణ్ణి. నర్మద అడిగే అర్హత నాకు లేదనిపిస్తోంది. ఇంటికెళ్లి వర్ధనమ్మతో ఏం చెప్పమంటారు?" అన్నాడు.

చిదంబరయ్యగారు పైపంచె దులిపి భుజాన వేసుకున్నారు.

"నేనైతే నీకు రెండో చేటెడు సామలు ఇచ్చేవాణ్ణి కాదు నాయుడూ. ఆవిడ ఇచ్చింది. నర్మద ఒడ్డున కూడా అటువంటి ఇళ్లుంటాయని చెప్పు."