బద్దెపురుగు కట్టుకున్న గదులు

ఒకప్పుడు బద్దెపురుగు సముద్రపొడ్డున తడి ఇసుకలో ఉండేది. అప్పట్లో దానికి నోరుండేది, కళ్ళుండేవి. ఒళ్ళు నున్నగా, ఒకే రిబ్బనులా ఉండేది. ఏడాదికి ఒక్క గుడ్డే పెట్టేది.

ఆ ఒక్క గుడ్డునీ అల ఎత్తుకుపోయేది. వరసగా ఏడేళ్ళు అలాగే జరిగింది. పురుగు ఏడిస్తే, "ఒడ్డున ఎట్టమని నానన్నానేటి?" అనేది సముద్రం. దానికేం తెలుసు కడుపుకోత.

చివరికి పురుగు ఒక సముద్రపు పిట్ట దగ్గరికి పోయింది.

"అక్కా, నీ కడుపులో కూసింత సోటియ్యి. అక్కడికి అల రాదు. ఒక్క పిల్లనైనా పెంచుకుంటాను," అంది.

పట్టిన చేపను పొట్టలో తెచ్చి, గూట్లో పిల్లల నోట్లో కక్కడం ఆ పిట్టల పద్ధతి. అందుకని పిట్ట, "సోటిత్తాను. కానీ నా పొట్టలోది నా పిల్లల కూడు. నువ్వు కొరక్కూడదు. నోరు బయటొదిలేసి రా," అంది.

పురుగు సంబరంగా నోరు వదిలేసింది. లోపల ఎలాగూ చీకటేగా అని కళ్ళు కూడా తీసి పక్కన పెట్టేసింది. అవి ఎవరూ అడగలేదు, పిచ్చితల్లి.

లోపల వెచ్చగా ఉంది. నోరు లేకపోయినా, అరిగిన చేపల రసం ఒంట్లోకి ఇంకేది. పురుగు తలతో పేగుగోడను పట్టుకుని, గుడ్ల కోసం తన ఒంట్లోనే, మెడ దగ్గర ఒక చిన్న గది కట్టింది. మెడ దగ్గర కొత్త గదులు కట్టేకొద్దీ ఆ గది వెనక్కి పోయి, నడుము దాకా జరిగేసరికి ఈడుకొచ్చింది. తోక చేరేసరికి వందల గుడ్లతో నిండిపోయింది.

"ఓలమ్మ, సోటు నీకిచ్చాను గానీ నీ పిల్లలకిచ్చానేటి? నిండిన గది నిండినట్టే బయటికెళ్ళిపోవాల," అంది పిట్ట.

ఇల్లిచ్చేవాళ్ళ షరతులు సామాను దించాకే బయటపడతాయి. బతిమాలుకుందామంటే పురుగుకు నోరేదీ?

చివరి గది పుటుక్కున తెగి, రెట్టతోపాటు సముద్రంలో పడింది. పురుగు మెడ దగ్గర ఇంకో గది కట్టింది. అదీ పోయింది.

గుడ్లను రొయ్యపిల్లలు తిన్నాయి, వాటిని చేపలు తిన్నాయి, చేపను పిట్ట తింది. అలా ఒక పిల్ల తిరిగొచ్చి తల్లి పక్కనే గోడ పట్టుకుంది. తల్లికి కళ్ళు లేవు, పిల్లకు నోరు లేదు. ఎవరో చోటు కోసం వచ్చారనుకుని తల్లే దాన్ని పక్కకు నెట్టింది.

అప్పటినుంచే బద్దెపురుగు మెడ దగ్గర గది కడుతూ, తోక దగ్గర గది పోగొట్టుకుంటూ బతుకుతోంది. లక్షల గుడ్లు పెడుతుంది. ఒక్క పిల్లనూ పెంచుకోదు.