ఒక్క చుక్క కూడా పడదు

శర్వాణికి తన నివేదికలో ఒక వాక్యం మీద తగని ముచ్చట. "ఈ గొడుగు విప్పితే దేశం మీద ఒక్క చుక్క కూడా పడదు." రాసిన రోజు నుంచి దాన్ని పైకి చదువుకుని మురిసిపోతూనే ఉంది.

గొడుగంటే వానకి పట్టుకునేది కాదు. శత్రువు వదిలిన క్షిపణికి ఎదురెళ్ళి దారిలోనే పేల్చేసే ఏర్పాటు. దాన్ని తయారుచేసేవాళ్ళు వేరే ఉన్నారు. అలాంటివి ఎన్ని కావాలి, ఎక్కడ పెట్టాలి, పెడితే పక్క దేశం ఏమనుకుంటుంది, ఇవన్నీ ఆలోచించి ప్రభుత్వానికి సలహా చెప్పడం శర్వాణి పని.

ఆ పని ఆమెకు నేర్పింది సన్యాసిరావు గారు. ఉద్యోగమంతా ఢిల్లీలో అదే పని చేసి, రిటైరయ్యాక విశాఖపట్నంలో స్థిరపడ్డారు. సన్యాసం ఆయన పేరులో ఉంది గానీ నాలుక మీద లేదు. చినుకు పడితే చాలు, బజ్జీలు గుర్తొస్తాయి.

శర్వాణి పనిచేసేదీ ఆ ఊళ్ళోనే. మర్నాడు అక్కడికి ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. నివేదిక వాళ్ళకి నచ్చితే శర్వాణి తమ సంస్థలో క్షిపణి రక్షణ విభాగానికి అధిపతి అవుతుంది. నచ్చకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. ఆ కుర్చీ కోసం ఆమె ఎన్ని పండగలు ఆఫీసులోనే గడిపిందో ఆమెకే తెలుసు. అందుకే ఒక్కసారి గురువుగారికి చూపించుకుందామని ఆయన ఇంటికి వచ్చింది.

ఆయన చదివారు. మధ్యలో రెండుసార్లు "భేష్" అన్నారు. ఆ వాక్యం దగ్గరికొచ్చి ఆగిపోయారు.

"ఒక్క చుక్క కూడానా?"

"అవును సర్. మూడంచెల ఏర్పాటు. ఆకాశం పైన తప్పించుకుంటే కింద ఆపుతాం. అక్కడా తప్పించుకుంటే ఊరి నెత్తి మీద ఆపుతాం. ఇంక ఎక్కణ్ణుంచి పడుతుంది?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. సముద్రం వైపు నుంచి జోరుగా వాన.

"బజ్జీలు తిందామేటమ్మా?"

శర్వాణికి ఒళ్ళు మండింది. రేపు తన బతుకు తేలబోతుంటే ఈయనకి బజ్జీలు! అయినా గురువు కదా, లేచింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గొడుగు ఆయన ఆమె చేతికిచ్చారు.

"నువ్వే పట్టు. గొడుగుల సంగతి నీకే బాగా తెలుసు."

వీధి చివర ఉంది బజ్జీల బండి. నాలుగడుగులు వేశారో లేదో వాన ఎదురుగా కొట్టింది. శర్వాణి గొడుగు ముందుకి వంచింది. వీపు తడిసింది. పక్కకి తిప్పింది. రెండో పక్క నుంచి కొట్టింది. అంతలో ఒక ఆటో దూసుకుపోతూ కింద నుంచి ఇద్దరికీ బురదనీళ్ళు కొట్టి పోయింది. సన్యాసిరావు గారు పంచె ఎగ్గట్టి, ఏదో కూనిరాగం తీస్తూ హాయిగా నడుస్తున్నారు.

వేడివేడి బజ్జీలు కాగితంలో పొట్లం కట్టించుకుని వెనక్కి తిరిగారు. ఈసారి గాలికి గొడుగు పూర్తిగా వెనక్కి విచ్చుకుంది. శర్వాణి కెవ్వుమని అరిచి, వెంటనే పకపకా నవ్వేసింది. ఎలాగో దాన్ని సరిచేసి, పొట్లాన్ని గుండెకి హత్తుకుని, గొడుగు దాని మీదికి వంచి ఇంటివైపు పరుగు తీసింది.

గుమ్మంలో సన్యాసిరావు గారి భార్య రాజ్యలక్ష్మి గారు బుగ్గలు నొక్కుకున్నారు.

"గొడుగు పట్టుకెళ్ళి ఇలా ముద్దయి వచ్చారేటి ఇద్దరూ! ఆ గొడుగెందుకు, దండగ!"

"దండగ కాదండీ," అంది శర్వాణి ఆయాసపడుతూ. పొట్లం విప్పి గర్వంగా చూపించింది. "చూడండి, ఒక్క చుక్క కూడా పడలేదు!"

బజ్జీలు కరకరలాడుతున్నాయి. సన్యాసిరావు గారు నెత్తి మీంచి కారుతున్న నీళ్ళు తుడుచుకుంటూ ఒకటి తీసి కొరికారు.

"బాగున్నాయి," అన్నారు. "గురువు తడిసినా ఫర్వాలేదు, బజ్జీ తడవకూడదని ఎవరు చెప్పారు తల్లీ నీకు?"

"ఎవరూ చెప్పలేదు సర్. చెయ్యి దానంతటదే అటు..."

శర్వాణి చూపు నివేదిక మీద పడింది. చేతిలో బజ్జీ చేతిలోనే ఉంది. రాజ్యలక్ష్మి గారు తువ్వాలు అందించినా చూసుకోలేదు. కాసేపటికి తల తుడుచుకుని, పెన్ను అడిగి తీసుకుని, ముచ్చటపడ్డ ఆ వాక్యాన్ని కొట్టేసింది. కొట్టేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. "కుర్చీ పోతుందేమో సర్," అంది. ఆయన ఇంకో బజ్జీ ఆమె ప్లేటులో వేశారు.

మర్నాడు కమిటీ పెద్దాయన నివేదిక మూసి, సూటిగా అడిగాడు.

"ఇదంతా సరే. ఒక్కటి కూడా తప్పించుకుని రాదని మీరు హామీ ఇవ్వగలరా?"

శర్వాణి కళ్ళ ముందు ఆ అధిపతి కుర్చీ కనిపిస్తూనే ఉంది.

"ఇవ్వలేనండి. వస్తాయి. అవి వచ్చే రోజున గొడుగు దేనిమీద పట్టాలో ఆలోచించుకునే తీరిక ఎవరికీ ఉండదు. అదేదో ఇవాళ మీరు చెప్పాలి."

పెద్దాయన తన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ముందు దేన్ని కాపాడాలో ఇన్నాళ్ళకి మమ్మల్ని ఒకళ్ళు అడిగారు," అన్నాడు. "కూర్చోమ్మా. మ్యాప్ తెప్పించండి."

భోజనాలు చల్లారిపోయినా ఎవరూ లేవలేదు.

సాయంత్రం శర్వాణి వరండాలోకి పరిగెత్తుకొచ్చి ఫోన్ చేసింది. బయట మళ్ళీ వాన.

"సర్! విభాగం నాకే ఇచ్చారు!"

"శుభం! శుభం!" అవతల ఆయన గొంతు చిన్నపిల్లాడిలా గంతులేసింది. "వెంటనే వచ్చెయ్. బజ్జీలకి వెళ్దాం."

"వస్తున్నా సర్. గొడుగు తేనా?"

"తే. కానీ ఎవరి మీద పట్టాలో ఈసారి ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరదాం."