సైలెన్సర్‌లో ఏడ్చిన దయ్యం

అనగనగా ఒక ఊళ్ళో, గుర్రం ముసలిదైపోయాక మోటారుసైకిలు కొనుక్కున్న రాజుగారొకాయన ఉండేవాడు. వానాకాలమంతా దాన్ని చావిట్లో పడేసి, ఎండ కాయగానే వచ్చి కిక్కు కొట్టాడు. అంతే! వెనక సైలెన్సర్‌లోంచి "ఊఁ... ఊఁ..." అని ఒకటే ఏడుపు. నవ్వకండర్రా, అది వింటే మీకూ గుండె జారేది.

ఆ సైలెన్సర్ మూతకి మూడు స్క్రూలు. బిగించింది మెకానిక్కు చెంచయ్య. దార్లో ఊడిపోకుండా ఒక్కోదానికీ ఎర్ర జిగురు చుక్కేసి మరీ బిగించాడు, మంచికే. దయ్యాన్ని లోపల పెట్టి మూత బిగించింది నువ్వేనన్నాడు రాజు. పొద్దు వాలేలోగా మూత రాకపోతే నిన్ను గోడలో పెట్టి కట్టించేస్తానన్నాడు. అనడమేమిటి, తాపీ మేస్త్రీలు పని మొదలెట్టేశారు కూడా. మంత్రం చదువుతాడేమోనని చెంచయ్య నోట్లో గుడ్డ కుక్కారు, పాపం.

ఊ కొడుతున్నారా?

పహిల్వాను వచ్చాడు, పళ్ళు బిగించి తిప్పాడు. స్క్రూ కదల్లేదు, తల అరిగింది. గోడ మోకాళ్ళ దాకా లేచింది. కమ్మరి వచ్చాడు, సుత్తితో కొట్టి కొట్టి తిప్పాడు. రెండోదీ కదల్లేదు, తల అరిగింది. గోడ నడుం దాకా లేచింది.

మిగిలింది ఒక్క స్క్రూ. అప్పుడొచ్చింది చెంచయ్య కోడలు రవణమ్మ. తల్లి లేని పిల్ల, మామే కూతురిలా చూసుకున్నాడు. స్క్రూడ్రైవర్ అందుకుంది. గట్టిగా తిప్పెయ్, తిప్పెయ్ అని చేతులు తొందరపెడుతున్నాయి. ఇదీ అరిగితే మామ దక్కడు. తలెత్తి చూస్తే గోడ మెడ దాకా వచ్చేసింది. మామ ఆమెనే చూస్తున్నాడు. చూసి, మేస్త్రీలు టీ కాచుకునే పొయ్యి వైపు కళ్ళు తిప్పాడు. మళ్ళీ ఆమెని చూశాడు, మళ్ళీ పొయ్యిని చూశాడు. ఆఖరిసారి టీ అడుగుతున్నాడని అందరూ జాలిపడ్డారు.

రవణమ్మకి మాత్రం వెలిగింది. గరిటెకి బెల్లంపాకం అంటుకుని బిగుసుకుంటే ఏం చేస్తాం? లాగం కదా, పొయ్యి మీద వెచ్చబెడతాం! జిగురూ అంతేగా!

ఇనప కడ్డీ ఎర్రగా కాల్చి స్క్రూ తల మీద ఆనించింది. చుయ్‌మంది. పొగ లేచింది, కంపు కొట్టింది. దయ్యం వచ్చేస్తోందని రాజు తలుపు వెనక దూరాడు, జనం పరుగో పరుగు. రాజాజ్ఞకి భయపడి మేస్త్రీలు మాత్రం గోడ కడుతూనే ఉన్నారు. రవణమ్మకీ పారిపోవాలనే ఉంది. పారిపోలేదు. స్క్రూడ్రైవర్ మీద ఒళ్ళంతా మోపి, మెల్లగా, మెల్లగా తిప్పింది. కిర్రుమని కదిలింది! అరిగిపోయిన రెండింటికీ తల మీద రంపంతో గాడి కోసి, కాల్చి, అలాగే తిప్పింది. మూడోది ఊడేసరికి గోడ మామ ముక్కు దాకా లేచింది.

మూత తీస్తే ఏముంది? నిమ్మకాయంత మట్టిగూడు! మన గోడల మీద కడుతుందే కుమ్మరి పురుగు, అది వానాకాలంలో కట్టుకుంది. ఇంజను వేడికి కాలి గట్టిపడింది. దాని కంతలోంచి పొగ దూరితే ఆ ఏడుపు.

రవణమ్మ పరిగెత్తి పచ్చిగోడని రెండు చేతులా తోసేసింది. మామ నోట్లో గుడ్డ లాగితే ఆయన మొదట అన్నమాట, "తల్లీ, మళ్ళీ బిగించేటప్పుడు జిగురు కాస్త తక్కువెయ్యి."

రాజు సిగ్గుపడి, ఆ ఇటుకలతోనే మామాకోడళ్ళకి షెడ్డు కట్టించాడు. భయమేసినప్పుడే చెయ్యి మెల్లగా ఆడాలర్రా, గుర్తుంచుకోండి. ఇక కథ కంచి బస్సెక్కేసింది, మనం దుప్పట్లో దూరదాం.